అచ్చు బొమ్మల నుంచి గ్యాలరీ గోడకి: ఇలస్ట్రేటర్లు మారేటప్పుడు చూసుకోవాల్సినవి

గీతలగూడు:
పత్రికలకీ, పుస్తకాల అట్టలకీ, ప్రకటనలకీ ఏళ్ల తరబడి బొమ్మలు వేసినవాళ్లు గ్యాలరీ వైపు రావాలంటే ముందుగా ఏం మార్చుకోవాలి? శైలి మార్చమంటారు కొందరు, పాత పని ఊసే ఎత్తొద్దంటారు ఇంకొందరు. ధైర్యం చెప్పే మాటలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడ పని వివరాలు కావాలి: రంగులు, సైజు, ధర, గ్యాలరీతో ఒప్పందం, పాత బొమ్మల హక్కులు. ఎవరికి తెలిసిన భాగం వాళ్లు రాయండి.

పాతఅట్ట:
పాత పని ఊసెత్తొద్దనడం తప్పుడు సలహా. ఆ దారిలో వెళ్లి నిలబడ్డవాళ్లని చూస్తే, అచ్చు పనిలో అబ్బిన నేర్పునే గోడ మీదకి తెచ్చారు. జేమ్స్ రోజెన్‌క్విస్ట్ న్యూయార్క్‌లో హోర్డింగులు వేసిన మనిషి. ముక్కు ముందున్న భారీ ముఖం ముక్కలు ముక్కలుగా ఎలా కనబడుతుందో ఆయనకి ఆ పనిలోనే తెలిసింది. 1965లో క్యాస్టెల్లి గ్యాలరీ గది చుట్టూ తిరిగిన 86 అడుగుల ‘ఎఫ్-111’ పెయింటింగ్ అక్కడి నుంచి వచ్చిందే. వేన్ థీబో ప్రకటనల లేఅవుట్లు చేశాడు. తెల్లటి నేపథ్యం, ఒంటరిగా ఒక వస్తువు, దాని కింద గట్టి నీడ: ఇది సరుకు ప్రకటన వ్యాకరణం, దాన్నే మందపాటి నూనె రంగులోకి తెచ్చాడు. ఆండీ వార్హోల్ 1950లలో ఐ. మిల్లర్ చెప్పుల ప్రకటనలకి బొమ్మలు వేశాడు. 1962లో లాస్ ఏంజెలెస్ ఫెరస్ గ్యాలరీలో 32 సూప్ డబ్బాల కాన్వాసులు, ఒక్కోటి 20×16 అంగుళాలు, దుకాణం అరలో పేర్చినట్టు వరసగా పెట్టారు. మన హుస్సేన్ సినిమా హోర్డింగుల మీద పెద్ద గీత గీయడం నేర్చుకున్నాడు.

ఎడ్వర్డ్ హాపర్ కథ వేరు. ఆయనకి ఇలస్ట్రేషన్ అంటే గిట్టేది కాదు, అయినా ఏళ్ల తరబడి అదే తిండి పెట్టింది. 1913లో న్యూయార్క్‌లో ఆర్మరీ షో అనే పెద్ద ప్రదర్శనలో ఒక పెయింటింగ్ అమ్ముడైంది. తర్వాతది 1923లో, బ్రూక్లిన్ మ్యూజియం 100 డాలర్లకి కొన్న నీటిరంగు బొమ్మ. 1924లో రెహ్న్ గ్యాలరీలో పెట్టిన నీటిరంగులన్నీ అమ్ముడయ్యాకే అచ్చు పని వదిలాడు. రెండు పనులూ కలిసి నడిచే కాలం ఉంటుందని ముందే లెక్కలో వేసుకోవాలి.

నల్లసిరా:
పాతఅట్ట గారి మాటకి కొనసాగింపు. నా దృష్టిలో అసలు మార్పు ఒక్కటే. అచ్చు పనిలో సరుకు అచ్చయిన పేజీ, చేత్తో వేసింది దానికి ముడిసరుకు. గ్యాలరీలో చేత్తో వేసిందే సరుకు. రంగుల దగ్గర్నుంచి రసీదుల దాకా అన్నీ ఇక్కడే మారిపోతాయి.

ముందు బొమ్మలో ఏం మారుతుందో చెబుతాను. ఇలస్ట్రేషన్ ఎప్పుడూ ఒక రాతకి తోడు. కథో, శీర్షికో, ఉత్పత్తి పేరో పక్కనే ఉంటుంది కాబట్టి బొమ్మ రెండు సెకన్లలో అర్థమవ్వాలి. గోడ మీద ఆ రాత ఉండదు. రెండు సెకన్లలో అర్థమైపోతే చూసేవాళ్లు మూడో సెకన్లో పక్క బొమ్మకి వెళ్లిపోతారు. పరీక్ష సులువే: శీర్షిక కోసం వదిలిన ఖాళీ ఎక్కడుందో చూడండి. అట్ట బొమ్మలు వేసి వేసి పైన మూడో వంతు ఖాళీగా వదలడం చేతికి అలవాటైపోతుంది, అడిగేవాళ్లు లేకపోయినా వస్తూనే ఉంటుంది. అలాగే మధ్యలో ఒకే వస్తువు, చుట్టూ స్పష్టమైన అంచు.

రెండోది సైజు. అచ్చుకి మామూలుగా ఒకటిన్నర, రెండింతలు పెద్దగా వేస్తాం, కుదించాక గీత బిగువుగా కనబడుతుంది. గోడకి వచ్చేసరికి ఉల్టా. 30 సెంటీమీటర్ల బొమ్మని ప్రొజెక్టర్‌తో 150కి పెంచితే 1 మి.మీ. గీత 5 మి.మీ. పట్టీ అవుతుంది. మణికట్టుతో గీసిన వంపుని భుజంతో గీయాల్సి వస్తుంది, ప్రాణం పోతుంది. అందుకే చిన్న స్కెచ్ నుంచి కొలతల వరకే గళ్లతో ఎక్కించి, గీతని పెద్ద సైజులో మళ్లీ కొత్తగా గీయాలి. దగ్గరికి వచ్చినప్పుడు చూడ్డానికి ఏముంది, మూడు మీటర్ల నుంచి ఏముంది అన్నవి రెండూ విడిగా సరిచూసుకోవాలి. అచ్చు బొమ్మకి ఒకే దూరం ఉంటుంది, చెయ్యి చాపినంత.

నీటిరంగు:
రంగుల సంగతి నేను రాస్తాను, ఇందులో జరిగే నష్టం వెనక్కి రాదు.

స్కానర్ కింద ఒక్కరోజు బాగుంటే చాలనుకున్న సామగ్రి ఇలస్ట్రేటర్ల బల్ల మీద చాలా ఉంటుంది. సీసాల్లో వచ్చే మెరిసే ద్రవ నీటిరంగుల్లో చాలావరకు డైలు, అంటే ద్రవంలో కరిగిపోయే రంగులు. ఆల్కహాల్ మార్కర్లన్నీ దాదాపు డైలే. బాల్‌పెన్, చాలా ఫౌంటెన్‌పెన్ సిరాలు కూడా. డై వెలుతురికి విరిగిపోతుంది, అందులోనూ పలచగా వేసిన చోట ముందు పోతుంది. పిగ్మెంట్ అంటే కరగని రేణువు, అది నిలుస్తుంది, అయితే అన్నీ కాదు.

ట్యూబు మీద పేరు చూడొద్దు, పిగ్మెంట్ కోడ్ చూడండి. పీఆర్83 అంటే అసలైన అలిజరిన్ క్రిమ్సన్, పలచని వాష్‌లో వెలిసిపోతుంది. దాని బదులు పీవీ19 తీసుకోవచ్చు. ఒపెరా పింక్ ట్యూబుల్లో మామూలు గులాబీ పిగ్మెంటుతో పాటు ఫ్లోరెసెంట్ డై కలుస్తుంది. ఆ వెలుగు ముందు పోయి మామూలు గులాబీ మిగులుతుంది, కొన్నవాళ్లు ఫోన్ చేసేది దీని గురించే. పీబీ15 నీలం, పీవై42, పీవై43, పీబీఆర్7 లాంటి మట్టి రంగులు, కార్బన్ నలుపుతో చేసిన ఇండియన్ ఇంక్ నమ్మదగినవి. ఏఎస్‌టీఎం రేటింగ్ (రంగు వెలుతురికి ఎంత నిలుస్తుందో చెప్పే అంకె) ఉంటే 1 లేదా 2 మాత్రమే వాడండి.

రేటింగ్ లేనివాటికి సొంత పరీక్ష: అదే కాగితం మీద ప్రతి రంగూ రెండు పట్టీలు, ఒకటి చిక్కగా, ఒకటి పలచగా. పట్టీ సగం మీద అల్యూమినియం ఫాయిల్ కప్పి, బాగా ఎండ తగిలే కిటికీకి మూడు నెలలు అంటించి ఉంచాలి. పక్కనే బ్లూ వూల్ కార్డు (వెలిసే వేగం తెలిసిన నీలి ఉన్ని పట్టీలది) పెడితే పోల్చుకోవచ్చు. అందులో 1 నుంచి 8 దాకా పట్టీలుంటాయి, 1 అన్నిటికంటే ముందు వెలుస్తుంది. ఫాయిల్ తీశాక గీత కనబడిందంటే ఆ రంగు అమ్మకపు బొమ్మలోకి రాకూడదు. తెలుపు కలిపి వాడతారా, అయితే కలిపిన రంగునీ పరీక్షించాలి.

కాగితం: పూర్తి కాటన్, ఆమ్లం లేనిది, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు). ఇలస్ట్రేషన్ బోర్డులతో జాగ్రత్త. పైపొర మంచి కాగితమే అయినా లోపలి అట్ట కలప గుజ్జుది అయితే దాని ఆమ్లం పైకి పాకి పసుపు తేలుతుంది. రబ్బర్ సిమెంట్ కొన్నేళ్లకి గోధుమ రంగుకి తిరిగి, కాగితం గుండా మరక దిగుతుంది. అతికింపు పని చేసేవాళ్లు గోధుమ పిండి జిగురుకో, ఆమ్లం లేని పీవీఏ తెల్ల జిగురుకో మారాలి.

మూడోకన్ను:
నీటిరంగు గారూ, నూనె రంగుల్లోకి వెళ్లేవాళ్ల కోసం కూడా రాయండి. డెడ్‌లైన్ అలవాటుతో తొందరగా ఆరబెట్టేవాళ్లే ఎక్కువ.

నీటిరంగు:
అవును, తొందరే అక్కడ తంటా. నూనె రంగు నీటిలా ఆవిరై ఆరదు, గాల్లో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. కింద నెమ్మదిగా ఆరే మందపాటి పొర, పైన ఆల్కిడ్ లాంటి త్వరగా ఆరేది వేస్తే, పైది బిగుసుకున్నాక కింద పొర ఇంకా కదులుతుంటుంది, పగుళ్లు వస్తాయి. అందుకే కింద పొరల్లో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ. ఆల్కిడ్ వాడితే కింద నుంచి మొదలుపెట్టాలి. యాక్రిలిక్ మీద నూనె రంగు వేయొచ్చు, నూనె మీద యాక్రిలిక్ వేయకూడదు. జింక్ వైట్ నూనెలో పెళుసుబారుతుంది, టైటానియం మంచిది, ట్యూబు వెనక ఆ రెండూ కలిపారేమో చూడండి.

కాగితం మీదే నూనె రంగు కావాలంటే యాక్రిలిక్ జెస్సో (రంగుకి ముందు వేసే అస్తరు) రెండు మూడు పూతలు వేశాకే. లేకపోతే నూనె పీచులోకి ఇంకి కాగితాన్ని పెళుసు చేస్తుంది. డమ్మర్ వార్నిష్‌కి (ఆరిన నూనె రంగు మీద వేసే రక్షణ పూత) ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. షో తేదీ ముందుంటే వార్నిష్ లేకుండానే వేలాడదీయండి, తర్వాత వేస్తామని కొన్నవాళ్లకి రాసివ్వండి. గౌచ్, నీటిరంగుల మీద మాత్రం వార్నిష్ వద్దు, రంగు ముదిరిపోతుంది, తీయడం కుదరదు.

తెరగీత:
కంప్యూటర్‌లోనే వేసేవాళ్ల పరిస్థితి? అసలు బొమ్మే సరుకు అంటున్నారు, వాళ్లకి అసలు అంటూ లేదు కదా.

నల్లసిరా:
ఉన్నది ఎడిషన్, అంటే లెక్కపెట్టి తీసే ప్రింట్లు. పిగ్మెంట్ ఇంకులతో కాటన్ కాగితం మీద ప్రింటు, సంఖ్య ముందే ప్రకటించాలి, ఉదాహరణకి 25. ఆర్టిస్ట్ ప్రూఫులు (చిత్రకారుడు తన కోసం ఉంచుకునే అదనపు ప్రతులు) అందులో పదో వంతు మించకుండా ఉంచడం ఆనవాయితీ. కింద అంచున పెన్సిల్‌తో ఎడమ పక్క 3/25 అని సంఖ్య, మధ్యలో బొమ్మ పేరు, కుడి పక్క సంతకం. రెండు సైజులు తేవాలనుంటే మొదటి ప్రింటు అమ్మకముందే చెప్పాలి. 25 అయిపోయాక ‘కొత్త సైజు’ అని మళ్లీ తీస్తే మొదటివాళ్లకి చేసిన మోసం అవుతుంది, ఆ పేరు చాలాకాలం వెంటాడుతుంది.

ఫైలు సైజు చాలామందికి అడ్డం వస్తుంది. 24×36 అంగుళాలకి 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) అంటే 7200×10800 పిక్సెళ్లు. పత్రిక కోసం చేసిన ఏ4 ఫైలు 2480×3508. అది గోడ సైజుకి సాగదీస్తే కుంచె ఆకృతి మెత్తబడి కనబడుతుంది. గ్యాలరీకి వెళ్తుందనుకున్న బొమ్మని మొదటి రోజు నుంచే పెద్ద ఫైలులో వేయాలి. ఇంకొకటి, తెర మీద మండే నీలాలు, పచ్చలు ఇంకులో అంతగా రావు. ఆ ప్రింటర్, ఆ కాగితం రంగుల ప్రొఫైల్‌తో ముందు చిన్న ముక్క తీయించి చూడండి.

లెక్కలపుస్తకం:
ధర గురించి. అచ్చు పనిలో ధర వాడకాన్ని బట్టి: ఎన్ని ప్రతులు, ఎన్నాళ్లు, ఏ ప్రాంతాలు. గ్యాలరీలో వస్తువుని బట్టి. బొమ్మకి పట్టిన గంటలు కట్టి ధర వేయడం పొరపాటు. చకచకా కుదిరిన మంచి బొమ్మ చవకైపోతుంది, తంటాలు పడి పాడుచేసింది ఖరీదైపోతుంది.

ఎక్కువమంది వాడే పద్ధతి ఎత్తు, వెడల్పు కూడి ఒక రేటుతో గుణించడం. 12×12 అంటే 24, 36×48 అంటే 84. పెద్దది చిన్నదానికి మూడున్నర రెట్లు. అదే వైశాల్యంతో లెక్కిస్తే 144 ఎక్కడ, 1728 ఎక్కడ? పన్నెండు రెట్లు. వైశాల్యం పద్ధతిలో చిన్న బొమ్మలు మరీ చవకగా, పెద్దవి కొనలేనంతగా తయారవుతాయి. కాగితం మీదివాటికి ఒక రేటు, కాన్వాస్‌కి ఒక రేటు పెట్టుకుని, అన్ని చోట్లా అదే ధర చెప్పాలి. స్టూడియోలో తగ్గించి అమ్మితే గ్యాలరీ తెలుసుకుంటుంది, తెలిశాక ఇంక పిలవదు.

గ్యాలరీ కమీషన్ సాధారణంగా 40 నుంచి 50 శాతం. ఫ్రేమ్ ఖర్చు ఇక్కడ చాలామందికి చేతి చమురు వదిలిస్తుంది. ఫ్రేమ్‌కి 100 అయిందనుకోండి, ధరకి 100 కలిపితే సగం కమీషన్‌కి పోయి 50 మాత్రమే తిరిగొస్తుంది. 200 కలపాలి, లేదా ఫ్రేమ్ ఖర్చు పక్కన పెట్టాకే మిగతాది పంచుకోవాలని రాసుకోవాలి. రెండోదే నయం, ధర పెంచక్కర్లేదు.

మూడోకన్ను:
సగం ఇవ్వడం నాకు ఎప్పుడూ ఎక్కువే అనిపిస్తుంది. ఇలస్ట్రేషన్ ఏజెంట్లు అంత తీసుకోరు కదా?

లెక్కలపుస్తకం:
పోలిక కుదరదండీ. ఏజెంట్‌కి గది అద్దె లేదు, గోడలకి సున్నం లేదు, వచ్చిన పని వచ్చినట్టు బిల్లు వేస్తాడు. సగం తీసుకునే గ్యాలరీ కొనేవాళ్ల జాబితా, ప్రారంభం ఖర్చు, ఇన్సూరెన్స్, ఫొటోలు, క్యాటలాగ్ పెట్టుకోవాలి. ఇవన్నీ మనమే భరిస్తే అప్పుడు సగం ఎక్కువే, ఆ మాట మొహమాటం లేకుండా అనాలి. గోడకి ముందే అద్దె తీసుకుని పైన కమీషన్ కూడా అడిగే చోట్లకి మాత్రం వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. వాళ్లకి మన డబ్బు ముందే అందింది, అమ్మాల్సిన అవసరం ఏముంది?

ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి: ప్రతి బొమ్మ పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు, ధరతో జాబితా, ఇద్దరి సంతకాలు. మొత్తం సొమ్ము అందేదాకా బొమ్మ చిత్రకారుడిదే అన్న వాక్యం. ఇది లేకపోతే గ్యాలరీ దివాలా తీసినప్పుడు మన బొమ్మలు అప్పులవాళ్ల జాబితాలోకి వెళ్లే ప్రమాదం ఉంది. అమ్మిన 30 రోజుల్లో చెల్లింపు. తగ్గింపు 10 శాతం దాకా ఇద్దరూ సమానంగా భరించడం, ఆపైన మన రాతపూర్వక అంగీకారం. తిరిగి పంపే రవాణా ఎవరిది అన్నది.

ఇలస్ట్రేటర్లు మరిచిపోయేది ఇంకొకటుంది. ‘ఈ ప్రాంతంలో చిత్రకారుడి పనులన్నీ మా ద్వారానే’ అని ఉంటే, రేపు పత్రిక అట్ట వేసినా అందులో వాటా అడగొచ్చు. పత్రికలు, పుస్తకాలు, ప్రకటనల కోసం చేసే పని దీనికి వర్తించదని ఒక్క లైను చేర్పించండి.

పాతఅట్ట:
పాత బొమ్మల హక్కుల గురించి అడిగారు. మూడు వేర్వేరు ప్రశ్నలు: అసలు కాగితం ఎవరిది, దాన్ని గోడ మీద పెట్టొచ్చా, దాని ప్రింట్లు అమ్మొచ్చా. క్లయింట్‌కి లైసెన్సు మాత్రమే ఇచ్చి ఉంటే కాపీరైట్ మీదే, అయినా గడువు, ప్రత్యేక హక్కు షరతులు చూసుకోవాలి. కాపీరైట్ రాసిచ్చేసి ఉంటే అసలు కాగితం మీ దగ్గరున్నా ప్రింట్లు తీయకూడదు. క్లయింట్ సొంత పాత్రలు, లోగోలు ఉన్న బొమ్మలు పక్కన పెట్టేయండి.

ఫొటో ఆధారంగా వేసినవి మరీ జాగ్రత్త. దీనికి వార్హోల్ వ్యవహారమే సాక్ష్యం. లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన పాటగాడు ప్రిన్స్ ఫొటోని, వానిటీ ఫెయిర్ పత్రిక 1984లో 400 డాలర్లకి, ఒక్కసారే వాడే షరతుతో, వార్హోల్ వేసే బొమ్మకి ఆధారంగా తీసుకుంది. వార్హోల్ ఆ ఒక్కటితో ఆగలేదు, మొత్తం 16 చేశాడు. 2016లో వాటిలో ‘ఆరెంజ్ ప్రిన్స్’ని ఆయన ఫౌండేషన్ మళ్లీ పత్రికకి లైసెన్సు ఇచ్చింది. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో ఫొటోగ్రాఫర్ పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు ఆ లైసెన్సు వరకే, గోడ మీద పెట్టడం గురించి తేల్చలేదు. అయినా పత్రిక తెచ్చిన అనుమతి ఆ పేజీతోనే అయిపోతుందని, ఆ ఆధారంతో వేసిన కొత్త వరసకి అది వర్తించదని గుర్తుపెట్టుకోవాలి.

ఫ్రేమ్‌పట్టీ:
ఫ్రేమింగ్‌లో ఎక్కువగా కనిపించే తప్పులు. కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో బిగించడం: తేమకి కాగితం సాగుతుంది, దారి లేక అలలు తేలుతుంది. పై అంచున రెండే కీళ్లు (బొమ్మని వెనక అట్టకి పట్టి ఉంచే చిన్న పట్టీలు) చాలు, అవి జపనీస్ కాగితంతో, గోధుమ గంజితో అతికించాలి. మాస్కింగ్ టేపు, సెల్లో టేపు అసలొద్దు. అద్దం బొమ్మకి తగలకూడదు, మౌంటో (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట), మధ్యలో ఎడం ఉంచే కనీసం 3 మి.మీ. స్పేసరో ఉండాలి. తగిలితే తేమకి రంగు అద్దానికి అంటుకుంటుంది. యూవీ ఆపే అద్దం నీటిరంగులకి మంచిదే, వెలుతురుని మాత్రం పూర్తిగా ఆపదు, కాగితం పనులకి 50 లక్స్ వెలుతురు అన్నది మ్యూజియాల లెక్క. బొగ్గు, పాస్టెల్ పనులకి యాక్రిలిక్ షీటు వద్దు, స్టాటిక్‌తో పొడిని లాగేస్తుంది.

వేలాడదీసేటప్పుడు బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145-150 సెం.మీ. ఎత్తులో ఉంటే వరస అంతా ఒక తీరుగా కనబడుతుంది. డీ-రింగులు (ఫ్రేమ్ వెనక తీగ కట్టే కొక్కేలు) పై నుంచి మూడో వంతు దిగువన.

నల్లసిరా:
గ్యాలరీకి ఏం పంపాలో కూడా చెప్పేస్తాను. ఇలస్ట్రేషన్ పోర్ట్‌ఫోలియో ‘ఇవన్నీ చేయగలను’ అని చూపిస్తుంది: ముఖాలు, బండ్లు, జంతువులు, మూడు శైలులు. గ్యాలరీకి అదే పంపితే మూడు శైలుల్లో ఎవరిని పిలవాలో వాళ్లకి తెలియదు. ఒకే వరసలోవి 12 నుంచి 15, ఈమధ్య రెండేళ్లలోవి. క్లయింట్ల పేర్లకి రెజ్యూమెలో ఒక్క లైను చాలు. రాతపూర్వక వివరణ 150-200 పదాలు, అందులో ఏం వేస్తున్నారు, దేనితో వేస్తున్నారు అన్నవి ఉండాలి.

సోలో షో ఒప్పుకునేముందు గోడ కొలవండి. 30 మీటర్ల గోడ, సగటు బొమ్మ 90 సెం.మీ., మధ్యలో 70 సెం.మీ. ఖాళీ అనుకుంటే 18 దాకా పడతాయి. ఒక్కోదానికి పట్టే వారాలు, పాడయ్యేవి, ఆరడానికి, ఫ్రేముకి పట్టే కాలం వేసుకుని తేదీ చెప్పండి. డెడ్‌లైన్‌కి అందించడం ఇలస్ట్రేటర్లకి అలవాటే. ఇక్కడ సవరణలు చెప్పే ఆర్ట్ డైరెక్టర్ ఉండడు కాబట్టి ఏది షోలోకి వెళ్లకూడదో తేల్చడానికి కూడా కొన్ని వారాలు ఉంచుకోవాలి.

గీతలగూడు:
అందరికీ ధన్యవాదాలు. ఒక్కటి మిగిలింది: మెరిసే నూనె రంగు బొమ్మల్ని ఫొటో తీసేటప్పుడు తెల్లటి మెరుపు మచ్చలు పోవడం లేదంటున్నారు.

మూడోకన్ను:
రెండు ఒకే రకం లైట్లు, రెండు వైపుల నుంచి 45 డిగ్రీల్లో. లైట్ల ముందు పోలరైజింగ్ ఫిల్ము, రెండింటికీ ఒకే దిశలో. లెన్సు మీద పోలరైజింగ్ ఫిల్టర్ తిప్పుతూ పోతే ఒకచోట మెరుపు మొత్తం మాయమవుతుంది. కుంచె గట్లు చూపించాలంటే అక్కడి నుంచి కొంచెం వెనక్కి తిప్పండి. కెమెరా స్టాండు మీద, బొమ్మకి సమాంతరంగా, ఐఎస్‌ఓ 100, ఎఫ్8, మొదటి షాట్‌లో గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిద రంగు అట్ట). వైడ్ లెన్సు వాడితే అంచులు వంగుతాయి, 50 మి.మీ. లేదా ఎక్కువ తీసుకోండి. పోలరైజర్ వల్ల వెలుతురు బాగా తగ్గిపోతుంది కాబట్టి షట్టర్ నెమ్మదిగా ఉంటుంది, టైమర్ పెట్టి తీయండి. ఇదంతా అద్దం బిగించకముందే చేసేయాలి.